ఖోలోవ్ గారి సంతోషపు తోక

మా డాక్టరమ్మ తండ్రిని చూడడానికి వచ్చినవాళ్లంతా పోతూ పోతూ నాతో ఒకే మాట అంటారు, ఇంత గొప్ప మనిషికి సేవ చేసే అదృష్టం నీకు దక్కింది హమీదా అని. ఆ అన్నవాళ్లలో ఒక్కరు కూడా ఆయన కాలి గోళ్లు కత్తిరించలేదు. పొద్దున్నే కోటుకు పతకాలు తగిలించమని, తగిలించాక అవి వంకరగా ఉన్నాయని ఆయన పెట్టే పేచీ చూడలేదు. నేను రోజూ చూస్తున్నాను. కాబట్టి ఆ గొప్పతనం ఏపాటిదో నేను చెప్తాను, మీరు వినండి.

ఆయన పేరు సఫర్‌బెక్ ఖోలోవ్. ఊరు దుషన్‌బే. తజికిస్తాన్ అనే ఆ దేశం ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉండేది. ఆ కాలంలో ఆయన కంపోజర్. అంటే పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలకూ, వందమంది కలిసి పాడే బృందాలకూ సంగీతం రాసి ఇవ్వడం ఆయన ఉద్యోగం. నిజంగా ఉద్యోగమే. ప్రభుత్వం ఇల్లిచ్చింది, కారిచ్చింది, ఎండాకాలం కొండల్లో ఉండడానికి ఇంకో ఇల్లిచ్చింది. ఆ దేశం పోయింది, ఇళ్లు పోయాయి, ఆయన మాత్రం మిగిలాడు. ఇప్పుడు మస్కట్‌లో, అల్ హైల్‌లో, కూతురు మునీరా, అంటే మా డాక్టరమ్మ, అద్దెకున్న విల్లాలో కింది గది ఆయనది. ఆ గదిలో ఒక మంచం, ఒక పాత పియానో, గోడ నిండా ఎవరెవరితోనో చేతులు కలుపుతున్న ఫోటోలు.

నాది రాయచోటి. వంటా, ఆయన మందులూ, స్నానమూ నా డ్యూటీ. ఆయన భాషలో సగం మాటలు మా ఇంటి ఉర్దూకు దగ్గరగా ఉంటాయి. మిగతా సగానికి ఆయన ఎప్పుడో దిల్లీలో సంగీతోత్సవానికి వచ్చి నేర్చుకున్న ముక్కల హిందీ సరిపోతుంది. ఆ మాటలన్నీ మీకోసం తెలుగులో చెప్తున్నాను. నేను ఆయన్ని ఉస్తాద్ అని పిలవాలి. మొదటి వారంలో ఒకసారి బాబా అన్నందుకు మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఇంతకీ ఈ ఉస్తాద్ రాసిందేమిటి? పత్తి కోతల మీద ఒక గంటన్నర పాట. ఆనకట్ట కట్టినందుకు ఒక సంగీత నాటకం, అందులో సిమెంటు కలిపేవాళ్లు ప్రేమించుకుంటారట. చక్కెర ఫ్యాక్టరీకి ఒక మార్చ్, అంటే కవాతుకు వాయించే బ్యాండు పాట. ఇక పెద్దమనుషుల మీద రాసిన పాటలకు లెక్కే లేదు. ఒక నాయకుడు పదవిలో ఉన్నప్పుడు ఆయన పేరు పెట్టి పాట రాశాడు. ఆయన దిగిపోయాక అదే పాటలో ఆ పేరు పీకేసి కొత్త ఆయన పేరు పెట్టాడు. కొత్త పేరు కాస్త పొడుగైతే ట్రంపెట్ వాళ్ల చేత ఇంకోసారి ఊదించి ఆ ఖాళీ సరిచేశాడు. ఇదంతా నేను కనిపెట్టిన రహస్యమేమీ కాదు. టీ తాగుతూ ఆయనే చెప్పాడు, తన తెలివికి తానే మురిసిపోతూ.

మా చెల్లెలి మొగుడు ఖాదర్ కూడా ఎలక్షన్లలో ఇదే పని చేస్తాడు. పొద్దున ఒక పార్టీ జీపులో మైకు పట్టుకుంటాడు, సాయంత్రం ఇంకో పార్టీ జీపు ఎక్కుతాడు. కానీ ఇంటికొచ్చి చొక్కా విప్పేటప్పుడు "ఇద్దురూ దొంగనాయాళ్లే వదినా" అని నవ్వుతాడు. ఈయనకు ఆ నవ్వు కూడా లేదు. ఎవరికి భజన చేశాడో వాళ్లందరినీ చేసిన రోజు నిజంగానే నమ్మాడట. అది విన్నప్పటి నుంచి నాకు ఖాదర్ మీద గౌరవం పెరిగింది.

మస్కట్ వచ్చాకైనా మారాడా అంటే, ఎక్కడ. మా వీధి చివర కొత్త సూపర్ మార్కెట్ తెరిచారు. ఈయన్ని కుర్చీబండిలో తోసుకెళ్తుంటే ఆ రంగు కాగితాలు చూసి, "దీనికి పెద్ద ఎవరు?" అన్నాడు. మేనేజరట అన్నాను. ఇంటికొచ్చి రెండు రోజులు కూర్చుని ఆ దుకాణం మీద మార్చ్ రాశాడు. దాన్ని మా డ్రైవర్ గంగాధరం చేత పంపించాడు. ఆ మేనేజర్ మలయాళీ, పాపం ఏమనుకున్నాడో, ఒక ఖర్జూరం డబ్బా తిరిగి పంపాడు. ఈయన ఆ డబ్బాని పతకాల పక్కన పెట్టుకున్నాడు. నన్ను ఒక్క పండు కూడా తీయనివ్వలేదు.

గంగాధరం జగిత్యాల మనిషి. ముందు ఏదో కంపెనీలో సైట్ పనులు చేసి, డ్రైవింగ్ లైసెన్స్ వచ్చాక డాక్టరమ్మ దగ్గర చేరాడు. "అక్కా, ఈ ముసలాయనను సూస్తే మా కంపెనీల ఫోర్‌మన్ యాదికొస్తడు" అన్నాడు ఆ రోజు. "అర్బాబ్ కారు సప్పుడు ఇనవడితే సాలు, తినే కంచం ఇడిసిపెట్టి నిలవడుతుండె." అర్బాబ్ అంటే ఇక్కడివాళ్ల మాటలో యజమాని.

"ఫోర్‌మన్‌కు అర్బాబ్ ఉన్నాడు కదప్పా" అన్నాను. "ఈయనకు ఎవురున్నారు?"

డాక్టరమ్మ గురించి చెప్పాలి. పిల్లల డాక్టరు, యాభై దగ్గర పడుతున్నాయి. తండ్రికి ఏ లోటూ రానివ్వదు. కానీ ఆయన గదిలో కూర్చోదు. గుమ్మం దగ్గరే నిలబడి బీపీ ఎంతుందో, ఏం తిన్నాడో అడిగి వెళ్లిపోతుంది. ఆయన పియానో ముట్టుకుంటే మేడ మీదికెళ్లి తలుపేసుకుంటుంది. ఒకసారి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అడిగేశాను, ఎందుకు మేడం అని. ఆమె కూడా ఒక కత్తి తీసుకుని నా పక్కన తరగడం మొదలుపెట్టింది. తర్వాత చెప్పింది.

ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి గుల్‌నారా చనిపోయింది. ఆ చలికాలమంతా ఈయన రాత్రిళ్లు పియానో ముందు కూర్చుని భార్య కోసం ఒక చిన్న సంగీతం కట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు, ఎవరి పేరూ లేదు అందులో. పిల్ల గోడ అవతల పడుకుని వినేది. "అది చివర చాలా మెల్లగా అయిపోయేది హమీదా. అమ్మ గదిలోంచి వెళ్లిపోతున్నట్టు ఉండేది" అంది. తల్లి సంవత్సరీకం రోజున సంగీతకారుల సంఘం హాల్లో దాన్ని వాయించాలని అనుకున్నారు.

అక్కడ ఒక పద్ధతి ఉండేదట. ఏది రాసినా ముందు వినే కమిటీ ఎదుట వాయించాలి. అరడజను మంది పెద్దలు కుర్చీల్లో కూర్చుని వింటారు. వాళ్లు బాగుందంటేనే అది జనం ముందుకొస్తుంది. ఈయన ఆ కమిటీల్లో పండిపోయాడు. వాయిస్తూ వాయిస్తూనే వాళ్ల ముఖాలు చూసేవాడు. ఎవరైనా పెన్ను తీస్తే అక్కడికక్కడే స్వరం మార్చేవాడు. భార్య కోసం రాసింది వాయించినప్పుడు కమిటీలో ఒకాయన, సోవియట్ మనిషి ఇంత దిగులుగా ముగించడు కామ్రేడ్ అన్నాడట. ఒక్క మాటే అన్నాడు. ఈయన ఇంటికొచ్చి తెల్లారేలోపు చివరి భాగం తీసేసి, ఒక ఉషారైన మార్చ్ అతికించాడు. డమడమా మోగే సంతోషపు తోక.

సంవత్సరీకం రోజు పదేళ్ల మునీరా నల్ల గౌను వేసుకుని ముందు వరసలో కూర్చుంది. అమ్మ పాట మొదలైంది, అమ్మ వెళ్లిపోయే చోటు వచ్చింది, అంతలో మార్చ్ వచ్చింది. హాలంతా తాళానికి తగ్గట్టు చప్పట్లు కొట్టింది. "మా అమ్మ చచ్చిపోయిందని అందరూ చప్పట్లు కొడుతున్నారనుకున్నాను" అంది డాక్టరమ్మ. కళ్లనీళ్లు ఉల్లిపాయలవో ఏవో నేను అడగలేదు. ఆ రోజు నుంచి ముసలాయనకు సూప్ తీసుకెళ్తుంటే, గిన్నె నెత్తిన కుమ్మరించాలన్నంత మంట నాకు.

ఈ ఏడాది ఖతీజా అనే ఆవిడ వచ్చింది. ఒమానీ మనిషి, ఖురం అనే పేటలో పిల్లలకు సంగీతం నేర్పే బడి నడుపుతుంది, మంచిది. ఇంత పెద్ద కంపోజర్ మన మస్కట్‌లో ఉంటే ఎవరికీ తెలియకపోవడమేమిటి, ఒక సాయంత్రం ఆయన సంగీతం పెట్టుకుందాం అంది. ముసలాయన ముఖం వెలిగిపోయింది. వెంటనే అడిగాడు, ముఖ్య అతిథి ఎవరు అని.

డాక్టరమ్మ మొదట వద్దంది. తర్వాత ఏమనుకుందో, మొదటిసారి తండ్రి గదిలోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను టీ, రొట్టె పెట్టి అక్కడే నిలబడ్డాను.

"అమ్మ పాట వాయించు నాన్నా" అంది. "తోక లేకుండా. నువ్వు ముందు రాసుకున్నది రాసుకున్నట్టు. నాకు ఇంకేం అక్కర్లేదు నీ దగ్గర్నుంచి. అది ఒక్కసారి వింటే చాలు."

"వాయిస్తాను" అన్నాడు.

"ఒట్టేయి."

వాళ్లలో రొట్టె మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తే ఇక తిరుగులేదు. మా ఇళ్లలోనూ రొట్టె కింద పడితే కళ్లకద్దుకుంటాం కాబట్టి నాకు దాని బరువు తెలుసు. ఆయన రొట్టె మీద చెయ్యి పెట్టాడు. పెట్టీ పెట్టగానే తీసేశాడు. రొట్టె వేడిగా ఉందేమో అనుకున్నాను. డాక్టరమ్మ వంగి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంది. ఆమె అలా చేయడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ పూట నాకు ఆయన మీద కోపం కూడా కాస్త తగ్గింది, ఛీ.

ఆ తర్వాత రోజూ సాధన. డాక్టరమ్మ క్లినిక్ నుంచి పెందలాడే వచ్చి మెట్ల మీద కూర్చునేది. నిజం చెప్పాలంటే ఆ పాట బాగుంటుంది. నాకు సంగీతం తెలియదు, కానీ పప్పు కలుపుతూ చాలాసార్లు గరిటె ఆపి విన్నాను. ఇలాంటిది కట్టగలిగినవాడు చక్కెర ఫ్యాక్టరీల మీద ఎందుకు రాశాడా అని ఇంకా ఒళ్లు మండేది. అయితే చివరికి వచ్చేసరికి ఆపేసేవాడు. ఆ మిగతాది అక్కడ హాల్లో వాయిస్తాను, ఇక్కడ వాయిస్తే అరిగిపోతుంది అనేవాడు. డాక్టరమ్మ తలూపేది. కళాకారుల పట్టింపులు ఇలాగే ఉంటాయేమో అని నేనూ ఊరుకున్నాను.

గురువారం సాయంత్రం ఖురంలో కార్యక్రమం. చిన్న హాలే, కానీ నిండింది. డాక్టరమ్మ పనిచేసే క్లినిక్ యజమాని ముఖ్య అతిథి. మర్యాదస్తుడు, పని మధ్యలో వీలు చేసుకుని వచ్చాడు. ఖతీజా పిల్లలు రెండు పాటలు పాడారు. చివరగా ముసలాయన పతకాలన్నీ తగిలించుకుని పియానో ముందు కూర్చున్నాడు. డాక్టరమ్మ నల్ల చీరలాంటి పొడుగు గౌను వేసుకుని ముందు వరసలో కూర్చుంది. నేనూ గంగాధరం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాం.

వాయించాడు.  డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. పాట మెల్లమెల్లగా దిగుతూ, రోజూ ఆపే చోటికి వచ్చింది. సరిగ్గా అప్పుడు ఆ క్లినిక్ యజమాని జేబులో ఫోను కదిలినట్టుంది, తీసి చూసుకున్నాడు. అంతే. ఆయన ఏమీ అనలేదు, ముఖం కూడా చిట్లించలేదు. కానీ ముసలాయన ఆ ఫోను చూశాడు. ఆయన మెడ నిటారుగా అయింది. చేతులు పైకి లేచి డమాల్మని పడ్డాయి. మార్చ్.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరడిగారని? కమిటీ ఎక్కడుంది? ఆ దేశమే లేదు, ఆ కామ్రేడ్ చచ్చి ఎన్నేళ్లయిందో. ముఖ్య అతిథి ఫోను చూసుకుంటే పెళ్లాం చావు మీద బ్యాండు మేళం వాయిస్తావా మనిషీ? జనం లేచి నిలబడ్డారు. తాళానికి తగ్గట్టు చప్పట్లు కొట్టారు. యజమాని నవ్వుతూ వెళ్లి పూలగుత్తి ఇచ్చాడు. ముసలాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని ముందు వరసకు వంగి వంగి దండాలు పెడుతున్నాడు. ఆ వరసలో కూతురి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆమె టాక్సీలో ఇంటికెళ్లిపోయింది. మా కారులో ముసలాయన ఒళ్లో పూలు పెట్టుకుని, "అందరూ లేచి నిలబడ్డారు, చూశావా?" అని నన్ను అడిగాడు. 

గంగాధరం అద్దంలోంచి చూస్తూ తెలుగులో అన్నాడు, "అక్కా, బిడ్డ లేసిపోయింది గీనకు కనవడలేదా?"

"కనపడింటాది" అన్నాను. "ఆ యమ్మి చేతిలో పూలగుత్తి లేదు కదా."

శుక్రవారం పొద్దున డాక్టరమ్మ కిందికి దిగింది. రాత్రి ఏడ్చినట్టుంది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు. పియానో పక్కన స్టూలు మీద కూర్చుంది.

"నిన్న అయిపోయింది సరే. ఇప్పుడు ఇక్కడ ఎవరూ లేరు. నాకొక్కదానికి వాయించు, చివరిది" అంది.

ఆయన బుద్ధిగా వాయించాడు. ఆ చోటికి వచ్చాడు. చేతులు లేచాయి, మార్చ్ మీద పడ్డాయి. ఆపాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ మార్చే వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు. అప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని, నేల చూస్తూ చెప్పాడు.

"అది నాకు రాదు మునీరా. పోయింది. మార్చ్ అతికించిన రోజే ఆ చివరి కాగితం పొయ్యిలో వేశాను. కమిటీకి ఒకటి ఇచ్చి ఇంకోటి దాచుకున్నాడని ఎవరైనా అంటారని. తర్వాత ఎప్పుడూ వాయించలేదు. మరిచిపోయాను."

"రొట్టె మీద ఒట్టేశావు కదా."

"అక్కడికెళ్లి వాయిస్తే వస్తుందేమో అనుకున్నాను."

నా నోట్లో ఎన్ని తిట్లు ఊరాయో చెప్పలేను. కన్నకూతుర్ని వారాల తరబడి మెట్ల మీద కూర్చోబెట్టి, లేనిదాన్ని ఉందని నమ్మించాడు. ఎంత సిగ్గులేని బతుకు. డాక్టరమ్మ వైపు చూశాను, ఇప్పుడైనా నాలుగు దులిపేస్తుందని.

ఆమె తండ్రినే చూస్తోంది. "నాకూ గుర్తులేదు నాన్నా" అంది. "రోజూ వినేదాన్ని. కానీ చివరికి వచ్చేసరికి ఎప్పుడూ నిద్ర పట్టేసేది. నీ దగ్గర ఉంది కదా అనుకున్నాను ఇన్నేళ్లూ."

 ఇద్దరూ తలలు వంచుకుని కూర్చున్నారు. నాకు ఏం చేయాలో తోచక ఖాళీ టీ కప్పు తీశాను.

కాసేపటికి డాక్టరమ్మే అంది, "పోనీ, ఆ చోటు దాకా వాయించి ఆపేయి. ఇంకేం కలపకు. అంతవరకే అమ్మది."

ఆయన తలెత్తాడు. "అలా మధ్యలో ఆపేస్తే ఎవరైనా ఏమైనా అంటారేమో?"

"ఎవరంటారు ఉస్తాద్?" అన్నాను ఉండబట్టలేక. "ఉన్నది మేమిద్దరం ఆడవాళ్లం."

ఆయన నా భుజం మీదుగా హాలు వైపు చూశాడు. గొంతు తగ్గించి, "తలుపు వేసి రా" అన్నాడు.

వేశాను. ఆయన కదలకుండా ఉంటే గడియ కూడా పెట్టాను. అప్పుడు వాయించాడు. ఆ పాట దిగుతూ దిగుతూ ఆ చోటికి వచ్చింది, ఆయన చేతులు ఆపాడు. గాలిలో అలాగే పట్టుకున్నాడు.   చేతులు కిందికి పడలేదు.

కానీ పియానో కింద ఆయన కుడికాలు చెప్పు లేకుండా నేల మీద మార్చ్ కొడుతోంది. ఒక్క దెబ్బ కూడా వదలకుండా, చివరి దాకా కొట్టింది. ఆయనకు ఆ సంగతి తెలియదు. మంచి పని చేసిన పిల్లాడిలా కూతురి ముఖంలోకి చూస్తున్నాడు, బాగుందంటుందేమోనని.

డాక్టరమ్మ ఆ కాలు చూసింది. అది ఆగేదాకా చూస్తూనే ఉంది. తర్వాత లేచి, నేను పెట్టిన గడియ తీసింది.

"నాన్నకు టిఫిన్ పెట్టు హమీదా" అంది, మెట్లెక్కుతూ.